అడవికి వెళ్తున్నారా? మంట సంగతి ముందు తేల్చుకోండి

స్కూళ్ళకి సెలవులు ఇచ్చారంటే చాలు, ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో చాలావరకు క్యాంపింగ్ గురించే ఉంటాయి. ఈసారి ఎక్కువమంది ఒకే విషయం అడిగారు: ఎండలు ముదిరాక అడవుల్లో క్యాంప్‌ఫైర్ మీద పెట్టే ఆంక్షలు. అందుకే ఈ నెల పేజీ మొత్తం దానికే ఇచ్చేశాం. రాసినవాళ్ళలో ఎక్కువమంది అమెరికా పడమటి రాష్ట్రాల్లో ఉంటున్న మనవాళ్ళు కాబట్టి జవాబులు కూడా అక్కడి అడవుల గురించే. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ప్రశ్న చివర్లో ఉంది.

ప్రశ్న: జూలై చివర్లో మూడు కుటుంబాలం కలిసి సియెర్రా నెవాడాలో ఒక నేషనల్ ఫారెస్ట్‌కి క్యాంపింగ్‌కి వెళ్తున్నాం. సైట్ ఎప్పుడో బుక్ చేసేశాం, ఫొటోలో మంట వేసుకునే ఇనప రింగ్ కూడా కనిపిస్తోంది. డెన్వర్‌లో ఉండే మా బావగారు మాత్రం "స్టేజ్ 1 ఉందా, స్టేజ్ 2 ఉందా చూసుకున్నారా" అంటున్నారు. రింగ్ వాళ్ళే పెట్టినప్పుడు అందులో మంట వేసుకోవచ్చనే కదా అర్థం? – ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: కాదండీ. రింగ్ ఏడాది పొడుగునా అక్కడే ఉంటుంది, అనుమతి మాత్రం ఏడాది పొడుగునా ఉండదు. మీ బావగారు అడిగింది సరైన ప్రశ్నే. స్టేజ్ అంటే ఎండలు ముదిరేకొద్దీ పెంచుకుంటూ పోయే ఆంక్షల్లో ఒక మెట్టు. స్టేజ్ 1 అంటే, క్యాంప్‌గ్రౌండ్‌లో వాళ్ళు కట్టించిన రింగుల్లో మాత్రమే మంట వేసుకోవచ్చు, అడవిలో మనం సొంతంగా రాళ్ళు పేర్చుకుని వేసుకునేది కుదరదు. స్టేజ్ 2 వచ్చిందంటే ఆ రింగుల్లో కూడా కట్టెల మంట బంద్, బొగ్గుల గ్రిల్ కూడా బంద్, వాల్వ్ తిప్పితే ఆరిపోయే గ్యాస్ స్టవ్ మాత్రం మామూలుగా వాడనిస్తారు. ఆ పైన ఇక అడవినే మూసేస్తారు. అంత దూరం ఎందుకు వెళ్తుందిలే అనుకోకండి, 2020 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలో ఉన్న 18 నేషనల్ ఫారెస్టులనూ ఒకేసారి మూసేశారు, 2021 ఆగస్టు ఆఖర్న మళ్ళీ దాదాపు అదే పని చేశారు. బుకింగ్ ఉన్నా గేటు తెరవలేదు.

ఈ స్టేజ్ అనే మాట కొలరాడో వైపు బాగా వినిపిస్తుంది. కాలిఫోర్నియాలో కొన్ని ఫారెస్టులు ఆ పేరు వాడకుండా నేరుగా "ఫారెస్ట్ ఆర్డర్" ఇస్తాయి, అందులో ఏ క్యాంప్‌గ్రౌండ్లలో మంట వేసుకోవచ్చో పేర్లతో జాబితా ఉంటుంది. మీ క్యాంప్‌గ్రౌండ్ పేరు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవడమే మీ పని. ఆ ఫారెస్ట్ వెబ్‌సైట్‌లో అలర్ట్స్ పేజీ తెరవండి, అర్థం కాకపోతే రేంజర్ స్టేషన్‌కి ఫోన్ చేసి అడగండి, విసుక్కోకుండా చెప్తారు. బుక్ చేసిన రోజు చూసి వదిలేయకండి. బయల్దేరే ముందు రోజు ఒకసారి, కారెక్కే పొద్దున ఇంకోసారి చూడండి, ఎందుకంటే కొండెక్కాక సిగ్నల్ ఉండదు, ఆర్డర్ మాత్రం ఆ మధ్యాహ్నమే మారిపోయి ఉండొచ్చు.

ఇంకో తిరకాసు ఉంది. యోసెమిటీ నేషనల్ పార్క్ చుట్టూ స్టానిస్లాస్, సియెర్రా, ఇన్యో లాంటి నేషనల్ ఫారెస్టులు ఆనుకుని ఉన్నాయి. పార్కులో ఒక రూలు, గేటు దాటితే ఫారెస్ట్‌లో ఇంకో రూలు, కాస్త కిందకి దిగితే కౌంటీ రూలు. నిన్న పక్క పార్కులో వేసుకున్నాం కదా అన్న లెక్క ఇవాళ పనికిరాదు. కొన్ని చోట్ల అయితే ఎండు కాలం, తడి కాలం అనే తేడానే లేదు: యోసెమిటీలో 9,600 అడుగుల పైన ఎప్పుడూ మంట వేయకూడదు, లేక్ టాహో దగ్గర డెసొలేషన్ వైల్డర్‌నెస్ అనే రక్షిత అడవిలో ఏడాదంతా నిషేధం, వాషింగ్టన్‌లో మౌంట్ రైనియర్ వైల్డర్‌నెస్‌లోనూ అంతే. అంత ఎత్తులో చెట్టు ఎదగడానికే తరాలు పడుతుంది, రాలిన కొమ్మ కుళ్ళి మట్టిలో కలవాలంటే ఇంకా కాలం పడుతుంది, దాన్ని మనం ఒక్క సాయంత్రంలో బూడిద చేస్తే మళ్ళీ నిండదు.

క్యాంప్‌గ్రౌండ్‌లో కాకుండా టెంట్ భుజాన వేసుకుని లోపలికి నడిచి వెళ్ళేవాళ్ళయితే కాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ కూడా తీసుకోవాలి. ఉచితమే, ఆన్‌లైన్‌లో చిన్న వీడియో చూసి నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్తే వచ్చేస్తుంది, ఆ సంవత్సరం ఆఖరి వరకూ పనికొస్తుంది. చాలామందికి తెలియనిది ఏంటంటే, గ్యాస్ స్టవ్ వెలిగించినా అది ఉండాల్సిందే. అలాగని పర్మిట్ చేతిలో ఉంటే నిషేధం ఉన్న రోజున మంట వేసుకోవచ్చని కాదు, ఆర్డర్ దానికి పైన.

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. రిటైర్డ్ టీచర్ని, వ్యవసాయం కూడా ఉంది. మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. అడవిలో చలికి నాలుగు పుల్లలు వేసి చలిమంట కాచుకుందామంటే వాడు కంగారుపడిపోతున్నాడు. పత్తి కట్టె, మిరప కట్టె చేలో కాల్చినవాణ్ణి, మంట ఎలా పోతుందో నాకు తెలియదా? చుట్టూ రాళ్ళు పెట్టి, పక్కన బకెట్టు నీళ్ళు ఉంచుకుంటే భయం దేనికి? – ఒక పెద్దాయన, శాన్ హోసే

జవాబు: మాస్టారూ, మంట అదుపు చేయడం మీకు తెలుసు, అందులో మాకు సందేహమే లేదు. ఇక్కడ ఇబ్బంది మంట వేసే మనిషితో కాదు, ఆ మంట కింద ఉన్న నేలతో.

మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎంత మండిపోయినా జూన్‌లో తొలకరి పడుతుంది. కాలిఫోర్నియాలో దానికి పూర్తి వ్యతిరేకం. వానలన్నీ చలికాలంలోనే పడతాయి, మే దాటాక అక్టోబర్ దాకా చెప్పుకోదగ్గ చినుకు ఉండదు. అంటే ఎండలు, వాన లేకపోవడం రెండూ ఒకేసారి నెలల తరబడి నడుస్తాయి. జూలై ఆఖరుకి అడవి నెమ్మదిగా ఎండటం అయిపోయి లోపలి దాకా ఎండిపోయి ఉంటుంది. ఇక్కడి అటవీశాఖ వాళ్ళు ఎండు కట్టెని మందాన్ని బట్టి లెక్కపెడతారు. పావు అంగుళం లోపు పుల్ల, గడ్డిపరక గంటలో గాలికి తగ్గట్టు ఎండుతాయి కాబట్టి వాటిని ఒక గంట ఇంధనం అంటారు. మూడు నుంచి ఎనిమిది అంగుళాల మందం ఉన్న దుంగల్ని వెయ్యి గంటల ఇంధనం అంటారు. ఆ దుంగలు ఎండటానికి వారాలు పడుతుంది, కానీ ఒకసారి ఎండాయా, ఒక రాత్రి మంచుకో చిన్న జల్లుకో మళ్ళీ తడవవు. మంటల నిషేధం ఎప్పుడు పెట్టాలో చూసేటప్పుడు వీటిలో తేమ ఎంత ఉందో కూడా చూస్తారు. పైన పచ్చగా కనిపిస్తున్న అడవి కింద ఏముందో మనకి కళ్ళతో తెలియదు.

రెండోది, ఆ నేల మన చేను లాంటిది కాదు. చేలో దున్నిన మట్టి ఉంటుంది, మంట గట్టు దాకా వచ్చి ఆగుతుంది. పైన్ అడవిలో మట్టి కనపడాలంటే కాలితో తవ్వాలి, దాని మీద ఏళ్ళ తరబడి రాలిన సూదుల్లాంటి ఆకులు, బెరడు ముక్కలు, సగం కుళ్ళిన కొమ్మలు ఒక పరుపులా పేరుకుని ఉంటాయి. చేత్తో పిండితే పొడిపొడిగా రాలిపోతుంది. మీరు రాళ్ళు పేర్చేది ఆ పరుపు మీద. రాళ్ళు పక్కకి పాకే మంటని ఆపుతాయేమో గానీ కిందకి దిగే నిప్పుని ఆపలేవు. అది లోపల పొగ లేకుండా కనకన రగులుతూ, ఎండిన వేరు దొరికితే ఆ వేరు వెంబడి పోయి, మీరు ఇంటికి వచ్చేసిన కొన్నాళ్ళకి ఇంకెక్కడో పైకి లేస్తుంది. ఆ సమయానికి గాలి ఉంటే ఇక అంతే.

జరిగినవే చెప్తాను. 2013 ఆగస్టు 17న స్టానిస్లాస్ ఫారెస్ట్‌లో రిమ్ ఫైర్ మొదలైంది. వేటకి వెళ్ళిన ఒక మనిషి రూలుకి విరుద్ధంగా వేసుకున్న చిన్న మంట చేయి దాటిపోయిందని ఫారెస్ట్ సర్వీస్ దర్యాప్తులో తేల్చింది. 2,57,000 ఎకరాలకి పైగా కాలింది, యోసెమిటీ లోపలికీ పాకింది. మీరు ఉన్న శాన్ హోసేకి ఇంకా దగ్గర, బిగ్ సర్ ఉత్తరాన గరపాటా స్టేట్ పార్క్‌లో 2016 జూలై 22న ఎవరో మంట వేసి వదిలేసి పోయారు. అక్కడ మంట వేయడమే నిషిద్ధం. సొబెరేనెస్ ఫైర్ అని పేరు పెట్టారు దానికి, 1,32,000 ఎకరాలు, 57 ఇళ్ళు పోయాయి, ఆర్పడానికి వెళ్ళిన ఒక బుల్‌డోజర్ డ్రైవర్ ప్రాణం పోయింది. అక్టోబర్ దాకా పోరాడారు. మంట వేసినవాళ్ళు కూడా కాసేపు వెచ్చగా కూర్చుందామనే అనుకుని ఉంటారు.

మీ అబ్బాయి కంగారు అనవసరం కాదు మాస్టారూ. నిషేధం ఉందంటే ఒక మంచి జాకెట్, ఉన్ని టోపీ, ఫ్లాస్కులో వేడి టీ. సియెర్రా రాత్రుళ్ళు జూలైలో కూడా చలిగానే ఉంటాయి, అవి మాత్రం తప్పకుండా పెట్టించుకోండి.

ప్రశ్న: నిషేధం లేని రోజున మంట వేశాం అనుకోండి. పడుకునే ముందు మట్టి కప్పేస్తే సరిపోతుంది కదా? నీళ్ళు పోస్తే పొద్దున మళ్ళీ వెలగదని మావాళ్ళ గోల. – ఒక పాఠకుడు, సియాటిల్

జవాబు: మట్టి కప్పడం అసలు వద్దు. మట్టి కింద నిప్పు చావదు, దాక్కుంటుంది. నివురుగప్పిన నిప్పు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

పడుకోబోయే ముందే కొత్త కట్టె వేయడం ఆపేయండి, ఉన్నది బూడిద అయ్యేదాకా కాలనివ్వండి. తర్వాత నీళ్ళు పోయండి, చుయ్ అన్న శబ్దం ఆగేదాకా. అప్పుడు పారతో కలపండి. బూడిద, బొగ్గులు, అడుగున ఉన్న మట్టి, అన్నీ ముద్దలా అయ్యేలా కలిపి మళ్ళీ నీళ్ళు పోయండి. సగం కాలిన దుంగ ఉంటే దాన్ని తిప్పి, అంటుకుని ఉన్న నిప్పుకణాల్ని గీకేసి, అన్ని వైపులా తడపండి. చివరగా చేతి వెనక భాగం బూడిదకి దగ్గరగా పెట్టి చూడండి, చల్లగా అనిపిస్తే నెమ్మదిగా ముట్టుకుని చూడండి. కొంచెం వెచ్చగా తగిలినా పని అయిపోలేదన్నట్టే, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ కలపడం. తెల్లగా బూడిద కనిపించినంత మాత్రాన చల్లారినట్టు కాదు, ఆ తెల్ల పొర కిందే అసలు వేడి దాగి ఉంటుంది. ఒక బకెట్టుతో అయ్యే పని కాదు, పెద్ద మంట వేస్తే ఎక్కువ నీళ్ళు కావాలి, అందుకే చిన్న మంట వేసుకోండి. తాగే నీళ్ళకే కటకటగా ఉన్న చోట మంట ఆలోచనే మానుకోండి.

కాలిఫోర్నియా పర్మిట్‌లో అయితే మంట చుట్టూ కనీసం 5 అడుగుల మేర ఆకులు అలములు ఊడ్చేయాలని, పార దగ్గరుండాలని, పెద్దవాళ్ళు ఒకరు కనిపెట్టుకుని ఉండాలని రాసే ఉంటుంది. ఇంకా పెద్ద జాగా ఊడిస్తే ఇంకా మంచిది. కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్ళకండి, బెరడులో ఉన్న పురుగులు కొత్త అడవికి చేరి అక్కడి చెట్లని చంపేస్తున్నాయి, క్యాంప్ దగ్గరే కొనుక్కోండి.

ప్రశ్న: మంట లేకపోతే వంట ఎలా? మేం చికెన్ నానబెట్టి తీసుకెళ్ళి బొగ్గుల మీద కాల్చుకుంటాం, పిల్లలకి అదే పండగ. పొగ రాని కట్టెల పొయ్యిలు కూడా వస్తున్నాయి, అవి వాడొచ్చా? పొద్దున్నే దేవుడికి అగరొత్తి వెలిగించే అలవాటు కూడా ఉంది. – ఒక ఇల్లాలు, శాక్రమెంటో

జవాబు: పూర్తి నిషేధంలో బొగ్గులు లేవు, కట్టెల పొయ్యి పొగ రాకపోయినా లేదు. స్పిరిట్ పొయ్యిలు కూడా సాధారణంగా ఒప్పుకోరు. చూసేది ఒకటే: చెయ్యి తిప్పితే వెంటనే ఆరిపోతుందా లేదా. గ్యాస్ స్టవ్ ఆరిపోతుంది, బొగ్గు ఆరదు. బొగ్గు పారబోసిన చోట గంటల తర్వాత కూడా నిప్పు ఉంటుంది.

రెండు బర్నర్ల ప్రొపేన్ స్టవ్ ఒకటి కొనుక్కోండి, పెనం మీద అదే చికెన్ బ్రహ్మాండంగా వస్తుంది, పొద్దున్నే దోసెలు కూడా వేసుకోవచ్చు. బిర్యానీ లాంటివి మాత్రం ఇంట్లో చేసుకుని వెళ్ళండి. పులిహోర ఎలాగూ ఉండనే ఉంది. స్టవ్‌ని గడ్డి మీద పెట్టకండి, బల్ల మీదో, ఊడ్చిన నేల మీదో పెట్టండి. రెండు చిన్న స్టవ్‌లు పక్కపక్కన పెట్టి వాటి మీద ఒకే పెద్ద పెనం వేసే అలవాటు కొందరికి ఉంది, దాని వేడంతా కింద ఉన్న గ్యాస్ డబ్బా మీదకి కొట్టి అది పేలే ప్రమాదం ఉంది, అది వద్దే వద్దు. గ్యాస్‌తో వెలిగే ఫైర్ పిట్‌లని కొన్ని ఫారెస్టులు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు, ఆర్డర్‌లో చూసుకోండి.

అగరొత్తి విషయం. రాలే నిప్పు రవ్వ అగరొత్తిది అయినా సిగరెట్‌ది అయినా ఎండుటాకుకి తేడా తెలియదు. ఆ రెండు మూడు రోజులు బ్యాటరీ దీపం పెట్టి దణ్ణం పెట్టుకోండి, దేవుడు ఏమీ అనుకోడు.

ఇది అడగకపోయినా చెప్పాలి. మంట లేదు కదా, చలిగా ఉంది కదా అని స్టవ్‌నో కుంపటినో టెంట్‌లోకి తీసుకెళ్ళి జిప్ వేసుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణాలు పోతాయి. ఎర్రగా కాలి పొగ ఆగిన బొగ్గులు కూడా ఆ గ్యాస్ వదులుతూనే ఉంటాయి.

ప్రశ్న: పోయిన ఏడాది నిషేధం ఉండగానే పక్క సైట్‌లో మనవాళ్ళే మంట వేశారు. చెబితే గొడవ అవుతుందేమో అని ఊరుకున్నాం, రాత్రంతా టెన్షన్. అసలు దొరికితే ఏమవుతుంది? – ఒక పాఠకుడు, శాన్ రామోన్

జవాబు: నేషనల్ ఫారెస్ట్‌లో ఆర్డర్ మీరితే ఒక మనిషికి 5,000 డాలర్ల దాకా జరిమానా, 6 నెలల దాకా జైలు పడొచ్చు. మంట చేయి దాటితే ఆర్పడానికి అయిన ఖర్చు కూడా వసూలు చేస్తారు. 2017లో ఒరెగాన్‌లో ఈగిల్ క్రీక్ దగ్గర ఒక 15 ఏళ్ళ కుర్రాడు బాణసంచా విసిరి పెద్ద కార్చిచ్చుకి కారణమయ్యాడు, కోర్టు అతన్ని 3.6 కోట్ల డాలర్లకి పైగా కట్టమంది. నేషనల్ ఫారెస్టుల్లో బాణసంచా ఏ రోజైనా నిషిద్ధమే, జూలై 4 అయినా, మన దీపావళి అయినా. వీసా మీదో గ్రీన్ కార్డ్ మీదో ఉన్నవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోండి: పౌరసత్వం దరఖాస్తులో అరెస్టులే కాదు, సైటేషన్ల (రూలు మీరినందుకు రాసిచ్చే టికెట్ల) గురించి కూడా అడుగుతారు. టికెట్ వస్తే కాగితాలు దాచుకుని లాయర్ని కలవండి.

ఇక పక్కవాళ్ళ సంగతి. చాలామందికి నిజంగానే తెలియదు, రింగ్ చూసి వెలిగించేస్తారు. ముందు మీరే వెళ్ళి "అన్నా, ఇవాళ నిషేధం ఉందంట, మీరు చూశారో లేదో" అని ఒక మాట చెప్పండి, చేతిలో నీళ్ళ క్యాన్ ఉంటే ఇంకా మంచిది. తెలుగులో చెప్పే అవకాశం ఉన్నప్పుడు మీ మాటే రేంజర్ మాటకంటే త్వరగా పనిచేస్తుంది. వినకపోతే మొహమాటం లేకుండా క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే క్యాంప్ హోస్ట్‌కి చెప్పండి. మనుషులు లేకుండా మండుతున్న మంట కనిపించినా, గడ్డికి పాకుతున్నట్టు అనిపించినా ఎవరినీ అడగనక్కర్లేదు, 911 చేయండి. ఊరుకుంటే ఆ రాత్రి ఆ క్యాంప్‌గ్రౌండ్‌లో పడుకున్న పిల్లలందరికీ ప్రమాదమే, కొండల్లో చాలా క్యాంప్‌గ్రౌండ్లకి వచ్చే దారీ పోయే దారీ ఒక్కటే.

ప్రశ్న: ఏప్రిల్‌లో ఫ్రెండ్స్‌తో నల్లమల వెళ్దామనుకుంటున్నాం. అమెరికాలో లాగా మన దగ్గర కూడా రూల్స్ ఉన్నాయా? సాయంత్రం క్యాంప్‌ఫైర్ వేసుకోవచ్చా? – ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఉన్నాయి తమ్ముడూ, స్టేజీలు గీజీలు లేవంతే. నల్లమలలో అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వులు ఉన్నాయి. అభయారణ్యానికి ప్రమాదం కలిగేలా నిప్పు పెట్టడం, మంట వేయడం, వేసింది ఆర్పకుండా వదిలేయడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 30వ సెక్షన్ కింద నేరం. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆకురాల్చే అడవి అది, నడుస్తుంటే కాలి కింద ఆకులు కరకరలాడతాయి, వాటి మీద ఒక అగ్గిపుల్ల చాలు. నేల మీద గుడ్లు పెట్టే పక్షులు, తాబేళ్ళు, పాములు పారిపోలేవు. ఏప్రిల్‌లో వెళ్తే అటవీశాఖ అనుమతి ఉన్న చోటే ఉండండి, చీకటి పడ్డాక లోపల తిరగకండి, వంట ఇంట్లోనే చేసుకుని డబ్బాల్లో పెట్టుకెళ్ళండి. దారిలో ఎక్కడైనా పొగ కనిపిస్తే దగ్గర్లో ఉన్న చెక్‌పోస్ట్‌లో వెంటనే చెప్పండి. క్యాంప్‌ఫైరే కావాలంటే డిసెంబర్‌లో, అడవికి బయట, అనుమతి ఉన్న రిసార్ట్‌లో వేసుకోండి.